అగరుబత్తి పొగ వంగిన చోట

మా నాన్న టేపు చుట్ట విప్పుతుంటే చర్రుమని వచ్చే చప్పుడుతోనే మా ఇంట్లో చలికాలం మొదలయ్యేది. బయట ఇంకా ఎండ బాగానే కాసేది, మధ్యాహ్నాలు స్వెట్టర్ లేకుండానే తిరిగేవాళ్ళం. అయినా ఒక ఆదివారం పొద్దున్నే ఆయన హాల్లో పాత దుప్పటి పరిచి, దాని మీద టేపు చుట్టలు, స్పాంజ్ పట్టీలు, స్క్రూడ్రైవర్, చిన్న డబ్బాలో మేకులు, అగరుబత్తి పొట్లం, ఒక పొడవాటి లెక్కల పుస్తకం వరసగా పెట్టుకుని కూర్చునేవారు. నాకప్పుడు 8 ఏళ్ళు. కత్తెర నా చేతిలో ఉండేది. ఆయన "ఊఁ" అనగానే టేపు కత్తిరించాలి. అదే నా పని, తమ్ముడు ఎంత ఏడ్చినా ఆ కత్తెర వాడికి ఇచ్చేదాన్ని కాదు.

మేమున్న చోట చలికాలంలో బకెట్లో నీళ్ళు రాత్రికి రాత్రే గడ్డకట్టేవి. అమ్మా నాన్నా ఇద్దరూ వేడి ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్ళు, నాన్న ఉద్యోగం వల్ల అక్కడికి వచ్చినవాళ్ళు. చలికి ఇల్లు సిద్ధం చేయడం అనేది ఒకటుంటుందని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. మొదటి ఏడాది రజాయిలు కొనుక్కున్నారు, కంబళ్ళు కొనుక్కున్నారు, మాకు టోపీలు కొన్నారు, అంతే. మనుషుల్ని కప్పారు గానీ ఇంటిని కప్పలేదు. ఆ ఏడాది రాత్రిళ్ళు అమ్మ మా ఇద్దరినీ చెరోవైపు పొదువుకుని పడుకునేదట, పొద్దున లేచి చూస్తే కిటికీ అద్దం లోపలివైపు మంచు పట్టి ఉండేదట. నాకు అదంతా గుర్తులేదు, చెబితే విన్నదే.

నాన్నకి ఈ పని నేర్పింది పక్కింటి పెద్దాయన. ఆయన ఒకరోజు మా ఇంటికి వచ్చి, ఏ గదిలోకీ తొంగి చూడకుండా నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళి, వెలిగించిన అగరుబత్తిని చట్రం పక్కన పట్టుకుని నిలబడ్డారట. పొగ నిటారుగా పైకి వెళ్తోంది. కొంచెం కిందికి జరిపారు, ఇంకొంచెం జరిపారు, ఒక మూల దగ్గరికి రాగానే పొగ ఒక్కసారిగా గది లోపలికి వంగిపోయింది. "అద్దం కాదయ్యా, చట్రం చూసుకో" అన్నారట. నాన్న ఈ మాట మాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు.

ఆ మర్నాడే నాన్న లెక్కల పుస్తకం మొదలుపెట్టారు. మొదటి పేజీలో స్కేలు పెట్టి గీసిన మా ఇంటి ప్లాను ఉంటుంది. కిటికీలకి 1 నుంచి 11 దాకా అంకెలు, తలుపులకి "త 1", "త 2", "త 3". ఆ తర్వాతి పేజీల్లో ఒక్కో కిటికీకీ ఒక్కో ఖాతా. "4వ కిటికీ, కింద ఎడమ మూల, పొగ బాగా వంగింది." "7వ కిటికీ, గడియ వదులు, రెక్క నొక్కితే సరిపోతోంది, కాబట్టి గడియ మార్చాలి, టేపు వద్దు." "త 2, కింద సందులో వేలు పడుతోంది." మనుషుల ఒంట్లో బాగోలేకపోతే డాక్టర్ రాసినట్టు ఉంటాయి ఆ రాతలు. టేపు ఎంత పట్టిందో, స్పాంజ్ పట్టీ ఎన్ని అడుగులు పట్టిందో పక్కన రాసేవారు, మరుసటి ఏడాది అంతే తెచ్చుకోడానికి.

పొగ పరీక్షకి గాలి బాగా వీచే రోజు కావాలి. గాలి లేని రోజు సందు అంత సులువుగా బయటపడదు. అందుకని ఆదివారం అని ముందే అనుకున్నా, గాలి లేకపోతే వాయిదా పడేది, నాకు ప్రాణం ఉసూరుమనేది. గాలి ఉన్న రోజున ఇంట్లో తలుపులన్నీ మూసి, ఫ్యాన్లన్నీ ఆపేసి, స్నానాలగదిలో గాలి బయటికి లాగే చిన్న ఫ్యాను ఒక్కటి వేసేవారు. అది లోపలి గాలిని బయటికి తోస్తుంటే ఎక్కడ సందు ఉంటే అక్కడినుంచి బయటి గాలి లోపలికి రావాల్సిందే. అప్పుడు పొగ చెప్పేస్తుంది. కిటికీలే కాదు, స్విచ్ బోర్డుల పక్కన, పైపు గోడలోకి దూరే చోట, నేలా గోడా కలిసే అంచున కూడా పొగ వంగేది. స్విచ్ బోర్డు పక్కనుంచి చలిగాలి వస్తుందని నేను చెబితే స్కూల్లో ఎవరూ నమ్మలేదు.

ఇంకొకటి కూడా అప్పుడే తెలిసింది. ఆ ఫ్యాను ఆపి చూస్తే పై గది కిటికీల దగ్గర పొగ లోపలికి కాకుండా బయటికి పోయేది. అగరుబత్తిని దగ్గరికి తీసుకెళ్తే చాలు, పొగని ఎవరో పీల్చుకున్నట్టు సందులోకి లాగేసుకునేది. వేడిగాలి తేలిక కాబట్టి పైకి చేరి పైన సందుల్లోంచి వెళ్ళిపోతుంది, అది వెళ్ళిన ఖాళీలోకి కింద సందుల్లోంచి చలిగాలి వస్తుంది. కాబట్టి కింద ఎంత మూసినా పైన వదిలేస్తే ఇల్లు గాలిని లాగుతూనే ఉంటుంది. నాన్న ఇది అర్థం చేసుకోడానికి రెండు చలికాలాలు పట్టింది. మూడో ఏడాది పుస్తకంలో "ముందు పై గది, ఆ తర్వాత కింద" అని రాసి కింద రెండు గీతలు గీశారు.

అద్దాల మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం అంటించడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. చట్రం చుట్టూ రెండువైపులా అంటుకునే టేపు వేసి, దాని మీద కాగితం లాగి పరిచేవారు. మొదట ముడతలు ముడతలుగా ఉండేది. అమ్మ జుట్టు ఆరబెట్టుకునే డ్రైయర్ తెచ్చి వేడిగాలి తగిలిస్తే ఆ ముడతలన్నీ మా కళ్ళముందే సర్దుకుని, కాగితం డప్పు చర్మంలా బిగుసుకునేది. వేలితో తడితే ఠంగుమనేది. అద్దానికీ ఆ కాగితానికీ మధ్య కదలకుండా నిలిచిపోయిన గాలే చలిని ఆపుతుంది. రజాయిలో దూది చేసేది కూడా అదే, గాలిని కదలకుండా పట్టి ఉంచడం. ఇది నాన్న చెబితే నేను ఆ రాత్రి రజాయి లోపల పడుకుని, ఇదంతా గాలే అనుకుంటూ చాలాసేపు మేలుకుని ఉన్నాను.

తలుపు కింద సందుకి మాత్రం అమ్మ వైద్యం. పాత దుప్పటి పీలికతో గొట్టంలా కుట్టి, ఇసుక నింపి, రెండు చివర్లూ కట్టేది. దాన్ని తలుపు వారన వేస్తే పాములా పడుకునేది. తమ్ముడు దానికి పేరు కూడా పెట్టాడు. రాత్రి చివరగా తలుపు వేసినవాళ్ళు దాన్ని కాలితో నెట్టాలి, అది ఇంటి నియమం.

ఇంతవరకు అంతా బాగానే ఉంది. గొడవంతా ఒకే ఒక్క విషయంలో. నాన్న ఇంటిని మూసేకొద్దీ అమ్మ తెరిచేది.

పొద్దున్నే నాన్న స్నానానికి వెళ్ళగానే అమ్మ హాల్లో కిటికీ బార్లా తెరిచేది. అది 3వ కిటికీ, పుస్తకంలో దానికి అన్నిటికన్నా పెద్ద ఖాతా ఉంది. నాన్న బయటికి వచ్చి "ఎంత కష్టపడి మూశాను, మొత్తం వేడంతా పోగొట్టావు" అనేవారు. అమ్మ గుడ్డతో మిగతా కిటికీల అద్దాల మీద నీళ్ళు తుడుస్తూ, ఆ గుడ్డని బకెట్లోకి పిండి చూపించేది. "ఇదిగో, మీరు మూసినవన్నీ ఇలా కారుతున్నాయి" అనేది. బీరువా వెనక గోడ మీద నల్లటి బూజు పట్టింది కూడా ఆ ఏడాదే. ఇల్లు గట్టిగా మూశాక మన ఊపిరి, వంట ఆవిరి, స్నానపు ఆవిరి, ఇంట్లో ఆరేసిన బట్టల తడి ఎక్కడికీ పోలేవు. రోజుకి కొన్ని లీటర్ల నీళ్ళు అలా గాలిలో కలుస్తాయి. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండేది అద్దం, దాని తర్వాత బయటివైపు గోడ మూలలు. ఆ ఆవిరి వెళ్ళి అక్కడే నీళ్ళవుతుంది. బయటి చలిగాలిలో తేమ తక్కువ కాబట్టి పది నిమిషాలు కిటికీ తెరిస్తే తడిగాలి పోయి పొడిగాలి వస్తుంది. ఆ పది నిమిషాల్లో గోడలూ సామానూ ఏమీ చల్లబడిపోవు, కిటికీ మూశాక గది త్వరగానే మళ్ళీ వేడెక్కుతుంది. అమ్మకి ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. "గాలి ఆడకపోతే ఇల్లు ముక్కిపోతుంది" అనేది, అంతే. నాన్నకి ఆ మాట సరిపోయేది కాదు. అలా రెండు చలికాలాలు ఆ కిటికీ గురించే వాదించుకున్నారు.

ఆ తర్వాత ఒక రాత్రి జరిగింది చెప్పాలి.

ఆ ఏడాది మా నాయనమ్మ మా దగ్గరికి వచ్చింది. ఆవిడకి అంత చలి అలవాటు లేదు, కాళ్ళు నొప్పులతో నిద్ర పట్టేది కాదు. పైగా ఆ రోజు సాయంత్రం నుంచి కరెంటు లేదు. అందుకని నాన్న కుంపట్లో బొగ్గులు రాజేసి, మంట ఆరి ఎర్రటి నిప్పు మిగిలాక గదిలో పెట్టారు. పొగ లేదు కదా, ఇంక ఏం కాదు అనుకున్నారు. మేమందరం ఆ గదిలోనే పడుకున్నాం, ఒకే చోట ఉంటే వెచ్చగా ఉంటుందని. ఆ గది కిటికీలు రెండూ అప్పటికే ప్లాస్టిక్ కాగితంతో మూసేసి ఉన్నాయి. తలుపు కింద ఇసుక గొట్టం ఉంది. అసలు ఆ ఇంట్లో అంత బాగా మూసిన గది ఇంకొకటి లేదు.

రాత్రి ఏ జాముకో తమ్ముడు లేచి వాంతి చేసుకున్నాడు. నాకు తల పగిలిపోతోంది, లేద్దామంటే కాళ్ళు నావి కానట్టు ఉన్నాయి. నాయనమ్మని పిలిస్తే పలకలేదు. అమ్మ లేవబోయి తూలి గోడ పట్టుకుంది, అప్పుడు ఆవిడకి ఏం తట్టిందో, తలుపు తీసి, ఇసుక గొట్టం కాలితో తన్ని, చేతికి దొరికిన స్టీలు గ్లాసుతో కిటికీ మీది కాగితం చించి రెక్కలు తోసేసింది. నాన్నని జబ్బ పట్టి లేపింది. ఇద్దరూ కలిసి నాయనమ్మని మంచంతో సహా హాల్లోకి లాగారు. హాల్లో 3వ కిటికీ తెరిచి, ఆ గడ్డకట్టే చలిలో అందరం దాని ముందు కూర్చున్నాం. నాయనమ్మ కళ్ళు తెరిచేదాకా ఎవరూ మాట్లాడలేదు. తెల్లవారుతుండగా ఆవిడని ఆస్పత్రికి తీసుకెళ్తే ఆక్సిజన్ పెట్టారు. రెండు రోజులకి కోలుకుంది.

బొగ్గు నిప్పులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో ఆక్సిజన్‌ని మోసుకెళ్ళే హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కాబట్టి గదిలో కొంచెం చేరినా ఒంట్లో ఆక్సిజన్‌కి చోటు తగ్గిపోతుంది. నిద్రలో ఉన్నవాళ్ళకి తెలియను కూడా తెలియదు. పొగ లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడమే అసలు ప్రమాదం. కుంపటి ఒక్కటే కాదు, గ్యాస్ హీటర్, కిరోసిన్ స్టవ్, గదిలోకి తెచ్చుకున్న జనరేటర్, ఏది మండినా ఇదే. ఈ పేరా ఒక్కటి చదివి మిగతాదంతా మర్చిపోయినా నాకు ఫరవాలేదు. మండేదేదీ మూసిన పడకగదిలో పెట్టొద్దు. ఆ గ్యాస్‌ని పసిగట్టి మోగే అలారాలు ఇప్పుడు చిన్నవి దొరుకుతున్నాయి, పడుకునే చోటికి దగ్గరగా ఒకటి పెట్టుకోండి, దాని మీద ఉండే గడువు తేదీ కూడా చూసుకోండి, కొన్నేళ్ళయ్యాక అవి పనిచేయవు.

ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు నాన్న పుస్తకం తీశారు. ప్లానులో 3వ కిటికీ చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రంగా గీసి, దాని పక్కన "ఇది మూయరాదు" అని రాశారు. ఇంకేం రాయలేదు. అమ్మకి చూపించారు. అమ్మ చూసి, ఏమీ అనకుండా, పుస్తకం మూసి ఆయన చేతికి ఇచ్చేసింది. ఆ రోజు తర్వాత వాళ్ళిద్దరూ ఆ కిటికీ గురించి వాదించుకోగా నేను వినలేదు. పొద్దున్నే దాన్ని నాన్నే తెరిచేవారు.

నీళ్ళ పైపుల సంగతి కూడా ఉంది. పెరట్లో కుళాయికి వెళ్ళే పైపుకి వంటింటి లోపల ఒక వాల్వు ఉండేది. చలి రాకముందే ఆ వాల్వు కట్టేసి, బయట కుళాయి తెరిచి, లోపల మిగిలిన నీళ్ళన్నీ కారిపోయేదాకా ఆగి, కుళాయిని అలా తెరిచే వదిలేసేవారు. మొక్కలకి నీళ్ళు పెట్టే రబ్బరు గొట్టం ఊడదీసి చుట్టి లోపల పెట్టేవారు. నేను వద్దంటే వినకుండా ఒక ఏడాది ఆ గొట్టం తీయకుండా ఉంచేశారు, పెరట్లో పని ఇంకో వారం ఉందని. ఆ వారంలోనే చలి దిగింది, కుళాయి నిలువునా చీలింది. నీళ్ళు మంచుగడ్డ అయినప్పుడు 100కి సుమారు 9 వంతులు పెరుగుతాయి, ఇనుము కూడా ఆ బలానికి ఆగలేదు.

లోపలి పైపుల్లో బయటి గోడని ఆనుకుని వెళ్ళేవాటికి గోనె గుడ్డ చుట్టి దారంతో కట్టేవాళ్ళం. ఆ తర్వాత్తర్వాత నురుగు గొట్టాలు వచ్చాయి, నిలువునా చీల్చి ఉంటాయి, పైపు మీద తొడిగితే చాలు. చలి మరీ ఎక్కువగా ఉన్న రాత్రి అమ్మ సింకు కింద అలమర తలుపులు తెరిచి పెట్టేది, గదిలో వెచ్చదనం పైపుకి తగలాలని. కుళాయిని సన్నటి ధారగా వదిలేది. నీళ్ళు వృథా చేయకూడదని ఏడాదంతా చెప్పే మనిషి ఆ ఒక్క రాత్రి అలా ఎందుకు వదిలేస్తుందో నాకు అర్థమయ్యేది కాదు. అర్థమవడానికి నాకు ఉద్యోగం వచ్చేదాకా పట్టింది.

ఉద్యోగం అంటే పెద్దదేం కాదు, 14 మంది పనిచేసే చిన్న ఆఫీసు, ఒక పాత భవనంలో రెండో అంతస్తు. కుర్చీల నుంచి కరెంటు బిల్లు దాకా అన్నీ చూసుకునే పని నాది. అది కూడా గడ్డకట్టే చలి ఉన్న చోటే. ఇంట్లో చలికాలం పనులన్నీ చూస్తూ పెరిగినదాన్ని, అయినా ఆఫీసుకి కూడా అవి కావాలని నాకు తట్టలేదు. ఇల్లంటే మనం ఉంటాం, రాత్రి లేస్తాం, చల్లగా ఉంటే తెలుస్తుంది. ఆఫీసు రాత్రంతా ఒంటరిగా ఉంటుంది, శని ఆదివారాలు ఎవరూ దాని మొహం చూడరు. అసలు ఎక్కువ జాగ్రత్త దానికే కావాలి.

వరసగా మూడు రోజులు సెలవు వచ్చింది. ఎవరూ ఉండరు కదా, హీటింగ్ పూర్తిగా ఆపేయమన్నారు పైవాళ్ళు. నేనే వెళ్ళి ఆపేశాను. ఆ మూడు రోజులూ విపరీతమైన చలి. నాలుగో రోజు పొద్దున తాళం తీసేసరికి అంతా మామూలుగానే ఉంది. హీటింగ్ వేశాను. ఒక గంటన్నరకి బాత్రూమ్ గోడలోంచి నీళ్ళు మొదలయ్యాయి, పది నిమిషాల్లో కార్పెట్ మీద చెప్పులు తేలుతున్నాయి, కింది అంతస్తువాళ్ళు పైకి పరిగెత్తుకొచ్చారు వాళ్ళ సీలింగ్ కారుతోందని.

నేను ఫోన్ తీసి మొదట చేసింది ప్లంబర్‌కి కాదు, నాన్నకి.

"ఏ గోడలో పైపు?" అన్నారు, నేను ఏడుపు ఆపుకుని మొత్తం చెప్పాక.

"బాత్రూమ్‌లో, బయటివైపు గోడ."

"సరే. కంగారు పడకు తల్లీ. ముందు కరెంటు మెయిన్ ఆపించు, అది పొడి చోట ఉంటేనే ముట్టుకోమను. నీళ్ళ మెయిన్ వాల్వు ఎక్కడుంది?"

"తెలీదు నాన్నా. ఎవరికీ తెలీదంటున్నారు."

"మీటరు ఎక్కడుందో అడుగు. దాని పక్కనే ఉంటుంది."

మీటరు ఒక ఫైళ్ళ బీరువా వెనక ఉంది. నలుగురం కలిసి ఆ బీరువా జరిపాం. వాల్వు తుప్పు పట్టి ఉంది, చేత్తో తిరగలేదు, కింది అంతస్తు వాచ్‌మన్ పానా తెచ్చి తిప్పాడు. అప్పటికి ఇరవై నిమిషాలు అయ్యాయి. రెండు కంప్యూటర్లు, నాలుగు అరల కాగితాలు, మొత్తం కార్పెట్ పోయాయి.

పైపు ఆ పొద్దున పగల్లేదని ప్లంబర్ చెప్పాడు. సెలవుల్లోనే ఎప్పుడో పగిలింది. చీలిక దగ్గర మంచుగడ్డే బిరడాలా అడ్డం ఉంది, నేను హీటింగ్ వేశాక అది కరిగి నీళ్ళు బయటపడ్డాయి. ఇంకో విషయం కూడా ఆయనే చెప్పాడు. మంచుగడ్డ కట్టిన చోటే పైపు పగలాలని లేదు. గడ్డ పెరుగుతూ పైపులో మిగిలిన నీళ్ళని కుళాయివైపు తోస్తుంది, కుళాయి కట్టేసి ఉంటుంది, ఆ మధ్యలో ఇరుక్కున్న నీళ్ళ ఒత్తిడికి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీలుతుంది. కుళాయి కొంచెం తెరిచి ఉంటే ఆ ఒత్తిడి పోడానికి దారి ఉంటుంది. ఆ మాట వినగానే వంటింట్లో రాత్రంతా సన్నగా కారే ధార నా చెవిలో వినిపించింది.

ఆ సాయంత్రమే ఆఫీసు ప్లాను గీశాను. స్కేలు పెట్టి, నాన్న గీసినట్టే. మెయిన్ వాల్వు, కరెంటు మెయిన్ ఎక్కడున్నాయో ఎర్ర సిరాతో గుర్తుపెట్టి, తలుపు వెనక అంటించాను. బీరువా మళ్ళీ మీటరు ముందుకి వెళ్ళకుండా నేల మీద గీత గీశాను. ఏడాదికి రెండుసార్లు ఆ వాల్వు తిప్పి చూడాలని రాసుకున్నాను, తిప్పకపోతే అవసరానికి తిరగదు. ఆ తర్వాత ఏ సెలవులకీ హీటింగ్ పూర్తిగా ఆపలేదు, 13 డిగ్రీల దగ్గర ఉంచేవాళ్ళం, సింకు కింద అలమరలు తెరిచి వెళ్ళేవాళ్ళం, రెండో రోజు ఎవరో ఒకరు వచ్చి చూసిపోవాలి. గదిని వేడిచేయడానికి లోపల వేడినీళ్ళు తిరిగే రేడియేటర్లు కింద వేడిగా, పైన చల్లగా ఉంటే లోపల గాలి చేరిందని అర్థం, చిన్న తాళంచెవి లాంటిది పెట్టి తిప్పితే బుస్సుమని గాలి పోయి నీటిచుక్క వస్తుంది, అంతే, మళ్ళీ బిగించేయడమే. ఇది చలి మొదలవకముందే చేసుకోవాలి.

అందరికీ కోపం తెప్పించిన పని ఇంకొకటి చేశాను, బల్లల కింద ఉన్న చిన్న హీటర్లన్నీ లెక్కపెట్టాను. ఆరు ఉన్నాయి. అందులో నాలుగు ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు నుంచి వెళ్తున్నాయి. ఒక్కొక్కటి 1500 వాట్లు, 2000 వాట్లు లాగేవి, ఆ బాక్సు పట్టుకుంటే కాలిపోతోంది, ఒక ప్లగ్గు చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగులోకి మారింది కూడా. హీటర్ గోడ ప్లగ్గులోనే పెట్టాలి, కాగితాలకీ పరదాలకీ ఒక మీటరు దూరం ఉండాలి, వెళ్ళేటప్పుడు ఆపాలి. చలిగా ఉందని మనుషులు హీటర్లు తెచ్చుకుంటున్నారంటే ఆ బల్ల పక్కన ఎక్కడో సందు ఉందన్నమాట. అగరుబత్తి పట్టుకుని వెతికితే ఆరింట్లో నాలుగు బల్లల దగ్గర దొరికింది. స్పాంజ్ పట్టీలు వేశాక హీటర్లు వాటంతటవే ఇళ్ళకి వెళ్ళిపోయాయి.

గుమ్మం మెట్ల మీద ఉప్పు చల్లడం కూడా అక్కడే నేర్చుకున్నాను. ఉప్పు కలిస్తే నీళ్ళు సున్నా దగ్గర గడ్డకట్టవు, ఇంకా కిందికి దిగాలి. కానీ మైనస్ 10 దాటాక మామూలు ఉప్పు పెద్దగా పనిచేయదు, అప్పుడు ఇసుకే నయం, కరిగించకపోయినా కాలు జారకుండా పట్టు ఇస్తుంది.

ఇప్పుడు అమ్మా నాన్నా చలి లేని చోట ఉంటున్నారు. ఇల్లు మారేటప్పుడు నాన్న ఆ లెక్కల పుస్తకం నాకు ఇచ్చారు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, పడగొట్టి వేరేది కట్టారు. లేని ఇంటి కిటికీల ఖాతాలు నా దగ్గర ఉన్నాయి. 4వ కిటికీ కింద ఎడమ మూల సంగతి పుస్తకం తెరవకుండానే నాకు తెలుసు, కళ్ళు మూసుకుంటే అక్కడ వేలికి తగిలే చలి తెలుసు. పుస్తకం చివర ఖాళీ పేజీలు చాలా మిగిలి ఉంటే నా ఇంటి ప్లాను అందులోనే గీసుకున్నాను. ప్రతి ఏడాదీ ఈ రోజుల్లో నాన్న ఫోన్ చేస్తారు. పై గది ముందు చూశావా, పొగగొట్టం శుభ్రం చేయించావా, టార్చిలో బ్యాటరీలు మార్చావా, ఒక్కొక్కటే అడుగుతారు, అన్నీ అయ్యాక అమ్మ ఫోన్ తీసుకుంటుంది. "కిటికీ?" అంటుంది. "తెరిచే ఉందమ్మా" అంటాను.

మొన్న ఆదివారం గాలి బాగా వీచింది. మా అబ్బాయికి ఇప్పుడు 9 ఏళ్ళు, అగరుబత్తి వాడే పట్టుకుంటానన్నాడు. ఊపిరి బిగపట్టి, రెండు చేతులతో పట్టుకుని, చట్రం వెంబడి ఎంత నెమ్మదిగా నడిచాడో. హాలు కిటికీ దగ్గరికి వచ్చేసరికి పొగ ఒక్కసారిగా వాడి మొహం మీదికి వంగింది. "అమ్మా, ఇక్కడ చాలా వస్తోంది, టేపు తే!" అని అరిచాడు. అది వద్దు, దాన్ని అలాగే ఉంచాలి అన్నాను. ఎందుకు అన్నాడు. కూర్చోబెట్టి నాయనమ్మ మంచం గురించి, స్టీలు గ్లాసు గురించి చెప్పాను, ఎర్ర సిరా పేజీ చూపించాను. వాడు ఆ గుండ్రటి గీత మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత లేచి మా ప్లానులో మా కిటికీ చుట్టూ వాడి ఎర్ర స్కెచ్ పెన్నుతో గీశాడు, గీత పక్క గదిలోకి కూడా పోయింది.

ఇంకా చూరు గొట్టాల్లో ఆకులు తీయలేదు. పెరటి కుళాయి నీళ్ళు కూడా వదలాలి. ఈ ఆదివారం నిచ్చెన తెచ్చుకోవాలి.